రెండు పచ్చ టిక్కులు

హైమావతికి మనీష్ పొడ గిట్టదు. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. మనీష్‌కి ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే అతనికీ ఆమె పొడ గిట్టదు. ఈ వైరం ఉద్యోగంతో మొదలైంది కాదు. ఈ హిందీ ఊరి రైల్వే కాలనీలో పక్కపక్క క్వార్టర్లలో ఉన్న రోజుల్లో హైమావతి తల్లి అచ్చియమ్మా, మనీష్ నాయనమ్మ అప్పయమ్మా ఒకే కుళాయి కింద బిందెలు పెట్టుకునేవారు. ఎవరి బిందె ముందు అన్న విషయం మీద వాళ్లు విసురుకున్న మాటలు వినడానికి డ్యూటీకి వెళ్తున్న గార్డులు కూడా సైకిలు దిగి నిలబడేవారట. తర్వాత అచ్చియమ్మ పోయింది. రెండు కుటుంబాలూ క్వార్టర్లు ఖాళీ చేసి ఊళ్లో సొంత ఇళ్లు కట్టుకున్నాయి. పగ మాత్రం మంచాలూ బీరువాలతోపాటు లారీ ఎక్కి వచ్చేసింది.

పోనీ అక్కడితో ఆగిందా అంటే, విధి ఆ ఇద్దరినీ తెచ్చి ఒకే కంపెనీలో పడేసింది. బొగ్గు కడిగి కరెంటు తయారుచేసేవాళ్లకి పంపే కంపెనీ అది. బొగ్గుని పాలతో కడిగినా నలుపు పోదంటారు. ఆ కంపెనీ మీద కోర్టు కేసులూ అంతే. ఆ కేసుల కోసమే ఊళ్లో కుదుదండ్ పేటలో ఒక మేడ అద్దెకి తీసుకుని చిన్న ఆఫీసు పెట్టారు. హైమావతి మేడమీద గదిలో కూర్చుని ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ చూస్తుంది. మనీష్ ఊరి బయట బోద్రీలో, కోర్టు దగ్గర కంపెనీ తీసుకున్న ఒంటి గదిలో ఉంటూ లాయర్ల చుట్టూ తిరుగుతాడు. ఏ తేదీకి ఏ కాగితం కావాలో ఆమె ఇక్కణ్నుంచి మెయిల్ పెట్టాలి, అతను అక్కడ ఆ పని చెయ్యాలి. ఫోన్లు చేసుకోవడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు. నోటిమాటకి సాక్ష్యం ఉండదు, మెయిల్‌కి ఉంటుందని ఇద్దరి నమ్మకం. వాళ్లు ఏకీభవించిన విషయం అదొక్కటే.

ఇద్దరి మీదా అధికారి విశ్వనాథం. తెనాలి మనిషి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో తల పండించుకుని, రిటైరై, ఇక్కడ మళ్లీ ఒక కుర్చీ సంపాదించాడు. ఆయనకి ఇద్దరు దేవుళ్లు. ఒకరు తిరుపతిలో ఉంటారు, రెండోది ఓసీ, అంటే ఆఫీసు కాపీ. ఏ ఉత్తరం బయటికి వెళ్లినా దాని నకలు ఒకటి అచ్చు తీసి, పంపినవాళ్లు మూలన పొట్టి సంతకం గీకి, ఫైల్లో గుచ్చాలి. ఉత్తరాలు పోయి మెయిళ్లు వచ్చినా ఆ ఆచారం మారలేదు. పైగా ఇచ్చిన కాపీని ఏ దస్త్రం కిందో పెట్టి మరిచిపోయి, "ఓసీ ఏదమ్మా?" అని మళ్లీ అడుగుతాడు. ప్రింటరేమో కింద, రిసెప్షన్ అమ్మాయి రాజశ్రీ కూర్చునే ముందుగదిలో పాత కంప్యూటరుకి తగిలించి ఉంటుంది. అంచేత హైమావతి అస్తమానూ మెట్లు దిగి, ఆ కంప్యూటర్లో తన మెయిల్ తెరిచి, పంపినదాన్ని వెతికి, కాపీ తీసుకుని, మోకాళ్లు పట్టుకుని మళ్లీ మెట్లెక్కుతుంది. ఆవిడ జీతంలో సగం మెట్లకే చెల్లు.

ఆ వేసవిలో ఒక కేసు వాయిదా ముందుకి జరిగింది. ఆ కబురు బోద్రీకి అందలేదు. కంపెనీ తరఫున ఎవరూ రాలేదని కోర్టులో చీవాట్లు పడ్డాయి. రాయపూర్ హెడ్డాఫీసు నుంచి పెద్దాయన ఫోన్‌లో విశ్వనాథాన్ని ఉతికి ఆరేశాడు. "ఈసారికి వదిలేస్తున్నాను. మళ్లీ ఇలాంటిది జరిగితే నాకు కారణాలు అక్కర్లేదు, ఒక పేరు కావాలి. ఆ పేరుగల మనిషి మర్నాడు మన ఉద్యోగంలో ఉండకూడదు" అన్నాడు.

విశ్వనాథం ఇద్దరినీ పిలిచి ఎదురుగా నిలబెట్టాడు.

"నేను పంపేను సార్," అంది హైమావతి. "ఓసీ కూడా ఫైల్లో ఉంది."

"పంపితే రావాలి కదా సార్. నాకు ఆయా హీ నహీ," అన్నాడు మనీష్. "కసమ్ సే చెప్తున్నా."

"నీ ఒట్లు తీసికెళ్లి మీ నాయినమ్మ దగ్గరెట్టుకో. కుళాయి దగ్గర ఆవిడా ఇలాగే ఒట్లేసేది."

"మేడమ్, ఘర్ కీ బాత్ ఇక్కడ వద్దు!"

విశ్వనాథం చెయ్యెత్తి ఆపాడు. "మనం పంపిన మెయిల్ అవతలివాళ్లు తెరిచారో లేదో చెప్పే సాధనాలు వచ్చాయట. మా అల్లుడి ఆఫీసులో వాడుతున్నారు. చెరొకటి చూసి రండి, మంచిది పెట్టుకుందాం. ఇక ఒట్లతో పనుండదు."

బయటికి వస్తూ ఇద్దరూ ఒకటే లెక్క వేసుకున్నారు. ఈసారి ఏదైనా తప్పితే తమ ఇద్దరిలో ఒకరి పేరు రాయపూర్ వెళ్తుంది. హైమావతికి నలభై ఎనిమిదేళ్లు. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. ఈ వయసులో బయటికి పంపితే మళ్లీ ఎవరు పిలిచి కుర్చీ వేస్తారు? ఆ పేరు తనది కాకూడదు. మనీష్‌దైతే మరీ మంచిది.

వారం రోజులు కూరలు తరుగుతూ కూడా ఆమె ఆ సాధనాల వీడియోలే చూసింది. ఒకటి మన మెయిళ్లన్నీ చదవడానికి అనుమతి అడిగింది. ఒకటి ప్రతి మెయిల్ కిందా తన సొంత ప్రకటన తగిలించింది. ఒకటి ప్రపంచ పటం మీద ఎర్రచుక్కలు పెట్టి ఊదరగొట్టింది. చివరికి ఒకటి నచ్చింది. అది మెయిల్‌లో కంటికి కనపడనంత చిన్న బొమ్మ ఒకటి దాచిపెడుతుంది. అవతల మెయిల్ తెరవగానే ఆ బొమ్మ ఇక్కడికి కబురు పంపుతుంది. ఇక్కడ రెండు పచ్చ టిక్కులు పడతాయి, ఫోను టింగుమంటుంది. అవతలి మనిషికి ఇదేమీ తెలియదు. ఆ చివరి గుణం హైమావతికి తెగ నచ్చింది.

మనీష్ తెచ్చింది వేరే రకం. మెయిల్ అడుగున 'అందింది, చదివాను' అని ఒక బొత్తాం ఉంటుంది. చదివినవాళ్లు నొక్కాలి. నొక్కేదాకా పంపినవాళ్లకి ఎర్రగా కనిపిస్తూ ఉంటుంది.

"ఇందులో చోరీ ఛుపే దొంగచాటు ఏమీ లేదు సార్," అన్నాడు మనీష్. "మా తాత రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసేటప్పుడు స్టేషన్ మాస్టర్ ఫోన్‌లో బండి సంగతి చెప్తే, అర్థమైందని తిరిగి ఒక ప్రైవేట్ నంబరు చెప్పేవాడు. ఆ నంబరు వస్తేనే బండి కదిలేది. సిర్ఫ్ ఫోన్ ఎత్తినంత మాత్రాన మాట అందినట్టు కాదు కదా."

"మీ తాత నంబరు చెప్పేసి కునుకు తీసేవోడని మా నాన్న అనేవోరు," అంది హైమావతి. "నొక్కడం ఇష్టం లేనోడు నొక్కడు సార్. 'దొంగతనం చేసేను' అని దొంగ చేతే సంతకం పెట్టించుకుంటామేటి?"

"దొంగ ఎవరు మేడమ్?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోడం ఎందుకూ?"

విశ్వనాథం నవ్వాడు. మనీష్ మొహం జేవురించింది. అయినా అతను ఒక మాట అడిగాడు. "అచ్ఛా, తెరిచారని చెప్తుంది సరే. తెరిచింది ఎవరో ఆ టూల్‌కి ఎలా తెలుస్తుంది సార్?"

"నీ మెయిల్ నువ్వు కాక మీ నాయినమ్మ తెరుస్తుందా?" అంది హైమావతి.

ఈసారి విశ్వనాథం పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వులోనే తీర్పు అయిపోయింది. "మీదే పెట్టండమ్మా" అన్నాడు. మనీష్ అడిగినదానికి జవాబు ఎవరూ చెప్పలేదు. అది మంచి ప్రశ్న అని హైమావతికి అప్పుడే లీలగా అనిపించింది కూడా. కానీ అడిగింది మనీష్ కదా, అంచేత పట్టించుకోలేదు.

ఇక అక్కణ్నుంచి ఆమెకి పండగే. పొద్దున్న వచ్చి ఫ్యాను వేసుకోకుండానే టిక్కులు చూసేది. ఏ మెయిల్‌కి చూసినా పచ్చగా కళకళలాడుతుండేది. 'మీరు చూసి కూడా జవాబు ఇవ్వలేదు' అని రెండో మెయిల్ పెట్టేది. దాని నకలు విశ్వనాథానికి పంపేది. కొన్నిటికి మనీష్ నుంచి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. అప్పుడప్పుడు ఒకటి వచ్చేది, 'నేను కోర్టులో ఉన్నాను, ఏ మెయిల్ గురించి అంటున్నారు?' అని. నంగనాచి, అనుకునేది హైమావతి. చూసి చూడలేదంటున్నాడని అక్కసు ఒక పక్క, వాడి అబద్ధం తన చేతికి చిక్కిందన్న సంబరం ఒక పక్క. సంబరమే ఎక్కువ.

వానాకాలం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం లాయరు నుంచి కబురొచ్చింది. పాత ఒప్పందం అసలు కాగితాలు మర్నాడు పొద్దున్నే కోర్టులో చూపించాలి. ఆ కాగితాలు బోద్రీ గదిలో బీరువాలో ఉన్నాయి. హైమావతి వెంటనే మనీష్‌కి మెయిల్ పెట్టింది. కాసేపటికి పచ్చ టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. సాయంత్రానికి మరో రెండుసార్లు తెరిచినట్టు చూపించింది. అప్పుడూ జవాబు రాలేదు. ఆమె బ్యాగు తగిలించుకుని, దారిలో బుధవారీ బజార్లో వంకాయలు బేరమాడి కొనుక్కుని ఇంటికి వెళ్లింది.

మర్నాడు కాగితాలు లాయరుకి అందలేదు. కంపెనీ పని ఆగకుండా కోర్టు ఇచ్చిన స్టే ఎగిరిపోయింది. సాయంత్రానికల్లా బొగ్గు లారీలు గేటు బయట బారులు తీరి ఆగిపోయాయి.

మనీష్‌ని పిలిపించారు. వానలో తడిసి వచ్చాడు. ఆఫీసంతా చుట్టూ మూగింది. హైమావతి తన కంప్యూటరు తెర అతనివైపు తిప్పింది. "మూడుసార్లు తెరిచేవు. ఇదిగో, రెండు పచ్చ టిక్కులు. ఇప్పుడు వెయ్యి ఒట్టు."

"నేను చూళ్లేదు," అన్నాడు మనీష్. "మెయిలే రాలేదు. మశీన్ ఝూఠ్ చెప్తోంది."

"మిషనుకి నీ మీద పగేటి?"

విశ్వనాథం రాయపూర్‌కి ఫోన్ చేసి పేరు చెప్పేశాడు. వెళ్లిపోయే ముందు మనీష్ ఆమె బల్ల దగ్గర ఆగాడు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ మేడమ్ అని తప్ప పిలవనివాడు, చిన్నప్పటి పిలుపు పిలిచాడు. "అత్తా, నిజంగా నేను చూళ్లేదు." హైమావతి కిటికీలోంచి వానని చూస్తూ కూర్చుంది.

ఆ ఆదివారం ఆమె ఇంటి ముందు ఆటో ఆగింది. అందులోంచి అప్పయమ్మ దిగింది. ఎనభై దాటిన మనిషి, నడుం వంగింది గానీ గొంతు వంగలేదు.

"ఓలే హైమా! బయటికి రాయే. మా గుంటడి నోటికాడ కూడు లాగేసి లోపల కూకుని తింటన్నావేటే?"

"వీధిలో గొడవ పెట్టకు పిన్నీ," అంది హైమావతి గేటు పట్టుకుని. "తప్పు నీ మనవడిది. మిషనే చెప్పింది."

"మిసనేటే, మిసను! నీ సంకలో పెరిగిన గుంటడు కాదేటే ఆడు? ఆడు అబద్దమాడితే సెవులు ఎర్రబడిపోతాయి, నీకు తెల్దేటి? ఆ రోజు ఆడి మొకం సూసేవా అసలు?"

హైమావతి గేటు మీది తుప్పుని గోటితో గీకింది.

"సూణ్ణేదు. నాకు తెల్సు. మీ అమ్మ కుళాయి కాడ నా బిందె తన్నింది గానీ, నా పిల్లల కంచం తన్నలేదే. నువ్వు తన్నేవు. మీ అమ్మే నీకన్నా నయం!"

చుట్టుపక్కల తలుపులన్నీ తెరుచుకున్నాయి. తెలుగు రానివాళ్లకి కూడా సంగతి అర్థమైపోయింది. హైమావతి గేటు గడియ వేసుకుని లోపలికి పోయింది. వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా కాసేపు అక్కడే నిలబడింది. ముసలామెకి తిట్టడం పుట్టుకతో వచ్చింది, పట్టించుకోనక్కర్లేదు అని తనకి తానే గట్టిగా చెప్పుకుంది.

బోద్రీకి కొత్త మనిషి ఇంకా రాలేదు. "కుర్చీ ఖాళీగా ఉండొచ్చు, ఫైలు ఆగకూడదు" అని విశ్వనాథం సూత్రం. అంచేత బోద్రీ మెయిళ్లు బోద్రీకి వెళ్తూనే ఉన్నాయి. ఒకరోజు గ్యాసు సిలిండరువాడు ఫోన్ చేస్తాడని హైమావతి ఫోను చేత్తో పట్టుకునే మెట్లు దిగింది. మామూలుగా ఫోను బల్ల మీదే వదిలేసి వస్తుంది. కింద కంప్యూటర్లో, పొద్దున్న పంపిన మెయిల్ కాపీ కోసం తెరిచింది. చేతిలో ఫోను టింగుమంది. 'బోద్రీ ఆఫీసు మీ మెయిల్ తెరిచింది.'

ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం పోయినా వాడికి బుద్ధి రాలేదు, ఇంకా కంపెనీ మెయిళ్లు తెరిచి చూస్తున్నాడు! కాపీ సంగతే మరిచిపోయి పరుగున మేడెక్కి విశ్వనాథానికి చెప్పింది. ఆయన రాయపూర్‌కి చెప్పాడు. గంటలో బోద్రీ మెయిల్ పాస్‌వర్డ్ మార్చేశారు, కొత్తది హైమావతి ఒక్కదానికే చెప్పారు. "ఇప్పుడు తెరువు చూద్దాం" అనుకుంటూ ఆమె మళ్లీ కిందికి వెళ్లి, ఆగిపోయిన కాపీ తియ్యడానికి మెయిల్ తెరిచింది.

టింగుమంది.

హైమావతి మెయిల్ మూసింది. ఇంకోసారి తెరిచింది. టింగుమంది. మూసి తెరిచింది. మళ్లీ టింగుమంది.

"దీదీ, క్యా హువా?" అంది పక్కన రాజశ్రీ. ఏమీ లేదని చెయ్యి ఊపింది హైమావతి. ఆ టూల్ పెట్టింది మేడమీద తన కంప్యూటర్లో. ఆ కంప్యూటర్లో తనే తెరిస్తే అది తనని గుర్తుపడుతుంది. ఇక్కడ ఈ పాత కంప్యూటర్లో ఎవరు తెరిచినా దానికి ఒకటే, అవతలివాళ్లే తెరిచారనుకుంటుంది. ఇన్నాళ్లూ పచ్చగా కళకళలాడినవి మనీష్ కళ్లు కావు, తన ఆఫీసు కాపీలు.

మేడమీదికి వెళ్లి కొత్త పాస్‌వర్డ్‌తో బోద్రీ మెయిల్‌బాక్స్ తెరిచింది. ఆ వానరోజు మెయిల్ మామూలు చోట లేదు. చెత్త మెయిళ్లు పడే చోట చూసింది. లాటరీలు, అప్పులిస్తామనేవాళ్ల మధ్య, తను ఆ టూల్ పెట్టినప్పటినుంచీ పంపిన మెయిళ్లు సగం అక్కడే ఉన్నాయి. దాచిపెట్టిన ఆ బొమ్మని చూసి అనుమానపడి మెయిల్‌బాక్స్ వాటిని చెత్తలో పారేస్తున్నట్టుంది. అసలు కాగితాల మెయిల్ నల్లటి లావు అక్షరాల్లో ఉంది, అంటే ఎవరూ తెరవలేదు. ఫైలు తీసింది. ఆ రోజు విశ్వనాథం కాపీని రెండుసార్లు పోగొట్టుకున్నాడు. మూడు కాపీలూ ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి దొరికాయి, మూడింటి మూలనా తన పొట్టి సంతకం.

హైమావతికి సిగ్గేసింది, తర్వాత భయమేసింది. అలాగని తర్వాత ఆమె అందరికీ చెప్పుకుంది గానీ, నిజానికి ముందు వేసింది భయమే.

విశ్వనాథం అంతా విని, లేచి తలుపు వేశాడు.

"ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదు సార్."

"చూడండమ్మా. ఒక పేరు వెళ్లింది, ఫైలు మూశారు. ఇప్పుడు ఆ పేరు తీస్తే దాని చోట ఇంకోటి పెట్టాలి. వాడు కుర్రాడు, ఎక్కడైనా బతుకుతాడు. మీ సంగతి ఆలోచించుకోండి. ఆ టూల్ ఎంచింది మీరు."

"పెట్టమన్నది మీరు కదా సార్?"

"మీ మాట మీద పెట్టమన్నాను," అన్నాడు విశ్వనాథం ఎంతో దయగా. తడిగుడ్డతో గొంతు కోసే రకం అని ఆయన గురించి లాయర్లు అనుకునే మాట ఎంత నిజమో ఆమెకి అప్పుడు తెలిసింది.

కొన్నాళ్లు నోరు కుట్టేసుకుంది. వాడు నాకేటి చుట్టమా పక్కమా అనుకుంది. తనకి జరిగితే వాడు జాలిపడేవాడా అనుకుంది. అన్నీ సబబుగానే ఉన్నాయి. కానీ కాపీ తీసినప్పుడల్లా ఫోను టింగుమంటోంది, ఖాళీ కుర్చీ తన మెయిల్ చదివిందని చెప్తోంది. ఫోను మేడమీద వదిలేసి దిగినా ఆ చప్పుడు చెవిలో మోగుతోంది. చివరికి ఒక సాయంత్రం ఇంటికి వెళ్లాల్సిన ఆటోని మనీష్ ఇంటివైపు తిప్పించింది.

అప్పయమ్మ వరండాలోనే ఉంది. "ఏటే, ఇంకేటి మిగిలిందని వచ్చేవు?" అని మొదలుపెట్టింది. మనీష్ బయటికి వచ్చాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. హైమావతి మెట్టు కింద నిలబడే అంతా చెప్పింది, కింది కంప్యూటరు సంగతీ, చెత్తలో పడిన మెయిల్ సంగతీ.

మనీష్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండుననిపించింది ఆమెకి.

"మూడుసార్లూ మీరేనా?"

"నేనే."

"నా నంబరు మీ ఫోన్‌లో ఉందా?"

"ఉంది."

"పొద్దున్నే కాగితాలు కావాలని తెలుసు. రాత్ తక్ నా జవాబు రాలేదని తెలుసు. ఏక్ ఫోన్. 'చూసేవా మనీష్' అని ఒక్క ఫోను చెయ్యాలనిపించలేదా?"

హైమావతికి ఆ సాయంత్రం గుర్తుంది. బ్యాగు తగిలించుకుంటూ ఆ టిక్కులు చూసి, ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ బ్యాగులో పడేసింది. మరిచిపోయి కాదు.

"అనిపించింది," అంది. "చెయ్యలేదు. రేపు నువ్వు దొరికిపోతావని... అదే కావాలని ఊరుకున్నాను."

అప్పయమ్మ నోరు తెరిచింది గానీ మాట రాలేదు. ఆవిడకి మాట కరువవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. మనీష్ మెట్టు దిగి హైమావతి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇక్కడ చెప్తే ఏం లాభం మేడమ్?" అన్నాడు. "నన్ను అబద్ధాలకోరని అన్నది ఆఫీసులో, అందరి ముందూ. చెప్తే అక్కడే చెప్పండి."

మర్నాడు పొద్దున్న అందరూ వచ్చే వేళకి మనీష్ వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. హైమావతి రాజశ్రీని, లెక్కల గుమాస్తాని, డ్రైవరుని కూడా మేడమీదికి పిలిచింది. విశ్వనాథానికి విషయం అర్థమైపోయింది.

"ఇవన్నీ ఇక్కడెందుకమ్మా? ఒక మెయిల్ పెట్టండి, తీరిగ్గా చూస్తాను."

"మెయిల్ పెట్టను సార్. చెప్తాను, వినండి."

చెప్పింది. మెయిల్ తెరిచింది తనేనని చెప్పింది. ఫోను చెయ్యగలిగి కూడా చెయ్యలేదని, ఎందుకు చెయ్యలేదో కూడా చెప్పింది. ఆ ముక్క రాజశ్రీకి కూడా అర్థమవ్వాలని హిందీలో మళ్లీ చెప్పింది.

"విన్నారా సార్?"

విశ్వనాథం బల్ల మీది ఫైలు సర్దాడు. అందరూ తనవైపే చూస్తున్నారని గ్రహించాడు. "విన్నాను" అన్నాడు.

"అయితే రాయపూర్‌కి ఫోన్ చెయ్యండి. మనీష్ పేరు తియ్యమనండి."

"వాళ్లు ఇంకో పేరు అడుగుతారు."

ఆ టూల్ పెట్టమన్నది ఆయన. కాపీలు పోగొట్టి మళ్లీ మళ్లీ తీయించింది ఆయన. తెలిశాక తలుపు వేసి దాచమన్నది ఆయన. ఆయన పేరు ఆయన నోటే వస్తుందేమోనని గదిలో అందరూ చూశారు. రాలేదు.

"నాది చెప్పండి," అంది హైమావతి.

ఆయన ఫోన్ తీసి చెప్పాడు. రెండు నిమిషాల పని. పెట్టేసి, సొరుగులోంచి బోద్రీ గది తాళంచెవి తీసి మనీష్‌కి అందించాడు. మనీష్ తీసుకున్నాడు. వద్దు అత్తా అని ఒక్క మాట అంటాడేమోనని హైమావతికి మనసులో ఏ మూలో ఆశ ఉంది. అతను ఆమెవైపు తిరగనైనా లేదు. లాయరు ఎదురు చూస్తుంటాడని రాజశ్రీతో చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

హైమావతి కూర్చుని తన బల్ల సొరుగు ఖాళీ చెయ్యడం మొదలుపెట్టింది.